ఊరు గుర్తుపట్టిన చిత్రమే లోకానికి చేరుతుంది

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



తమిళనాటి సరిహద్దున ఒక తెలుగు మాధ్యమ పాఠశాల 75 ఏండ్లు నిలిచి ప్లాటినం జూబిలీ జరుపుకోవడం సామాన్య విషయం కాదు. ఇటువంటి శుభసందర్భంలో సినిమాను గురించి ప్రసంగమేమిటని కొందరికి తోచవచ్చు. బడిలో నేర్చిన భాష ఎక్కడ బ్రతుకుతుందని అడిగితే ఇంట్లో, సంతలో, గుడిలో అని పెద్దలు చెబుతారు. నేటి బాలబాలికలు వీటికి తెరను కూడ చేర్చుతారు. తెరమీద తమ మాట వినబడని పిల్లవాడు క్రమంగా ఆ మాట వినదగినది కాదని అనుకోవడం మొదలుపెడతాడు. ఈ కారణంచేత సినిమా బడికి సంబంధించిన విషయమే అవుతున్నది.

పెద్ద నిర్మాణ సంస్థల అండ లేకుండా, పేరుమోసిన తారలమీద ఆధారపడకుండా, చెప్పదలచిన విషయాన్నే ప్రధానంగా ఎంచుకొని తీసే చిత్రాలను నేడు స్వతంత్ర చిత్రాలంటున్నారు. 1970 ప్రాంతాల్లో వీటినే నవ్య చిత్రాలనీ, సమాంతర చిత్రాలనీ అన్నారు. ఇటువంటి చిత్రాలు తీసేవారినందరినీ వేధించే ప్రశ్న ఒకటున్నది. ఒక చిన్న ఊరి కథను ఆ ఊరి మాటలో, ఆ ఊరి తీరులో తీస్తే దేశదేశాల ప్రేక్షకులకు అర్థమవుతుందా? అర్థం కావాలంటే ఊరిని ఎంతవరకు వదులుకోవాలి? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి హోసూరు పొలిమేర దాటి చాలా దూరం పోనక్కరలేదు.

హోసూరు చెంతనున్న తొరపల్లి గ్రామంలో 1878 డిసెంబరు 10న చక్రవర్తి రాజగోపాలాచారి జన్మించారు. మదరాసు రాష్ట్ర ప్రధానిగా 1937లో మద్యనిషేధాన్ని ఆయన మొట్టమొదట సేలం జిల్లాలోనే అమలుపరిచారు. హోసూరు నాడు ఆ జిల్లాలో అంతర్భాగం. త్రాగుడువలన పల్లెటూరి కాపురాలు కూలిపోవడం ఎరిగిన రాజాజీ ఆ విషయమై ‘దిక్కట్ర పార్వతి’ అనే కథ వ్రాశారు. దిక్కులేని పార్వతి అని దాని అర్థం. కొత్తగా పెండ్లయిన ఒక పల్లె జంట, భర్తకు పట్టుకున్న త్రాగుడు, పెరిగిన అప్పు, ఆ అప్పు తెచ్చిన అవమానం, చివరకు విధ్వంసం ఆ కథలోని అంశాలు.

1971లో తమిళనాడులో మద్యనిషేధాన్ని ఎత్తివేశారు. 1972 డిసెంబరులో రాజాజీ కన్నుమూశారు. 1974లో ఆ కథ తమిళ చిత్రంగా వెలువడింది. దర్శకులు నెల్లూరు జిల్లా ఉదయగిరిలో పుట్టిన సింగీతం శ్రీనివాసరావు. సంగీతం సమకూర్చినవారు వీణా విద్వాంసులు చిట్టిబాబు. పార్వతి పాత్రధారిణి లక్ష్మి తొలితరం దర్శక నటులు వై.వి. రావు కుమార్తె. సింగీతం కె.వి. రెడ్డిగారివద్ద శిష్యరికం చేసి, 1957 నాటి ‘మాయాబజార్’కు పనిచేసినవారు. లేని లోకాన్ని స్టూడియోలో సృష్టించి నమ్మించే విద్యలో ఆరితేరిన గురుకులం అది. ఆ గురుకులంనుండి వచ్చిన వ్యక్తి ఈ కథకు మాత్రం మదరాసులో సెట్టు వేయకుండా, రాజాజీ పుట్టిన తొరపల్లికే కెమెరాను తీసుకువచ్చారు. జాతీయ పురస్కారాలలో అది ఉత్తమ తమిళ చిత్రంగా ఎంపికైంది.

ఆ నిర్ణయంలోనే అసలు పాఠం ఉన్నది. స్టూడియోలో వేసిన పల్లె సెట్టు ఏ పల్లెకూ చెందదు. అందులోని గుడిసె ఏ వానకూ తడిసినది కాదు. అటువంటి పల్లెలో త్రాగుబోతు కథ చెబితే అది నీతిబోధగా మిగిలిపోతుంది. మట్టిగోడలు, బండిబాట, రచ్చబండ ఉన్న నిజమైన ఊరిలో చెబితే అది ఒకానొక మనిషి పతనమవుతుంది. నీతిబోధ విన్నవాడు తల ఊపి వెళ్ళిపోతాడు; మనిషి పతనం చూచినవాడు ఇంటికి వెళ్ళినా దానిని మరచిపోలేడు.

తొరపల్లికి రాకముందే సింగీతం ఇటువంటి ప్రయత్నంలో పాలుపంచుకున్నారు. 1970లో వెలువడిన కన్నడ చిత్రం ‘సంస్కార’కు ఆయన సహకరించారు. యు.ఆర్. అనంతమూర్తి నవల ఆధారంగా ఆ చిత్రాన్ని నిర్మించి దర్శకత్వం వహించినవారు ‘ఫిడేలు రాగాల డజన్’ కర్త, తెలుగు కవి పఠాభి, అనగా తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి. చిత్రీకరణ శృంగేరి సమీపంలోని ఒక పల్లెలో జరిగింది. గిరీశ్ కర్నాడ్, పి. లంకేశ్, స్నేహలతా రెడ్డి నటించారు. ఒక అగ్రహారంలో ఆచారభ్రష్టుడైన బ్రాహ్మణుడు మరణిస్తే అతని శవానికి సంస్కారం ఎవరు చేయాలన్నది కథ. దీనికంటె స్థానికమైన సమస్యను ఊహించడం కష్టం. మొదట సెన్సారువారు నిషేధించిన ఆ చిత్రమే తరువాత జాతీయస్థాయిలో ఉత్తమ చిత్రంగా పురస్కారం అందుకున్నది. 1972లో స్విట్జర్లండులోని లొకార్నో చిత్రోత్సవంలో కంచు చిరుత పురస్కారం పొందింది.

ఆ చిత్రానికి ఛాయాగ్రహణం చేసిన టామ్ కోవన్ ఆస్ట్రేలియా దేశస్థుడు. కన్నడ అగ్రహారం కథ, తెలుగు దర్శకుడు, ఆస్ట్రేలియా కన్ను! స్థానికత అంటే ఆ ఊరివాడే అన్నీ చేయాలనే నియమం కాదని దీనివలన తెలుస్తున్నది. బయటివాడు రావచ్చు. వచ్చినవాడు ఊరికి తన పాఠం నేర్పకుండా, ఊరివద్ద తాను నేర్చుకోవాలి. అంతే షరతు.

తెలుగు చిత్రాలలోను ఇది నిరూపితమైన సత్యమే. 1977లో బెంగాలీ దర్శకుడు మృణాల్ సేన్ ప్రేమ్‌చంద్ హిందీ కథ ‘కఫన్’ను తెలుగు పల్లెకు తెచ్చి ‘ఒక ఊరి కథ’ తీశారు. అందులో తండ్రి పాత్రధారి వాసుదేవరావు కన్నడ నటుడు. చిత్రం చెకోస్లోవాకియాలోని కార్లోవీ వారీ ఉత్సవంలో బహుమతి పొందింది. బి. నరసింగరావు నిర్మాణంలో ‘మా భూమి’కి దర్శకత్వం వహించిన గౌతమ్ ఘోష్ కూడ బెంగాలీయే. తెలంగాణ రైతాంగ పోరాటం ఆ చిత్రానికి వస్తువు, కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారం. తరువాత నరసింగరావు స్వయంగా దర్శకత్వం వహించిన ‘దాసి’ 1988లో వచ్చింది. గడీలో దాసిగా బ్రతుకీడ్చే ఒక యువతి కథ అది. చిత్రకారులు తోట వైకుంఠం కళాదర్శకత్వానికి, ఎ.కె. బీర్ ఛాయాగ్రహణానికి, అర్చన నటనకు జాతీయ పురస్కారాలు లభించాయి. 1989లో మాస్కో ఉత్సవంలోను ఆ చిత్రం ప్రదర్శితమైంది.

మాస్కో ప్రేక్షకులకు గడీ అంటే ఏమి తెలుసు? ఏమీ తెలియదు. 1955లో సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలి’ని మొదట న్యూయార్కులోని ఆధునిక కళా ప్రదర్శనశాలలో చూపినప్పుడు అక్కడివారికి బెంగాలు పల్లె అంటే ఏమి తెలుసు? తెలియనివారికి కూడ అర్థం కావడానికి కారణమున్నది. ఊరి జీవితాన్ని కచ్చితంగా చూపినప్పుడు ప్రతి పనికి కారణం కంటికి కనిపిస్తుంది. ఆ ఇంట్లో బియ్యం ఎంత ఉన్నదో చూచినవాడికి ఆ తల్లి ఎందుకు విసుక్కున్నదో ఎవరూ చెప్పనక్కరలేదు. అందరికీ అర్థం కావాలని ఊరిని పలుచన చేస్తే కారణాలు మాయమవుతాయి. అప్పుడు మిగిలేది పేదరికం అనే పేరు, పల్లె అనే పేరు. పేర్లు ప్రయాణం చేయవు; మనుషులు చేస్తారు.

ఇంతవరకు చెప్పినది ఒక పార్శ్వం. రెండవ పార్శ్వం అంత సంతోషకరమైనది కాదు.

కృష్ణగిరి మామిడికి ప్రసిద్ధి. ఇక్కడి తోటలలో పండే తోతాపురి కాయ గుజ్జు కర్మాగారాలకు చేరి, డబ్బాలకెక్కి విదేశాలకు పోతుంది. గుజ్జుకు పనికివచ్చే కాయకే గిరాకీ ఉన్నప్పుడు రైతు ఆ చెట్లనే పెంచుతాడు. తాత నాటిన నాటు చెట్టు రుచి పెరటికే పరిమితమవుతుంది. రైతును తప్పుపట్టలేము, అతనికీ సంసారమున్నది. స్వతంత్ర చిత్రాల దర్శకుడి పరిస్థితీ ఇటువంటిదే. 1960లో ఏర్పడిన ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్ వంటి ప్రభుత్వ సంస్థ అప్పు ఇచ్చిన రోజుల్లో మృణాల్ సేన్ ‘భువన్ షోమ్’ వంటి చిత్రాలు సాధ్యమైనాయి. అటువంటి ఆదరువు తగ్గిన కొద్దీ విదేశీ నిధులు, విదేశీ ఉత్సవాలు ముఖ్యమైనాయి. అక్కడ ఏ రుచికి గిరాకీ ఉన్నదో తెలిసిన తరువాత ఆ రుచినే వండాలనే ఆశ సహజం. ఆ ఆశకు లొంగినప్పుడు ఊరు తెరమీద ఉంటుంది గాని, ఊరివాళ్ళు దానిని గుర్తుపట్టలేరు.

భాష విషయంలో ఈ ప్రమాదం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. తెలుగు చిత్రం విదేశాలలో ఆడినప్పుడు క్రింద ఇంగ్లీషు వాక్యాలు పడతాయి. నాయన, అబ్బ, అయ్య, అప్ప అన్నీ అక్కడ ఒకే మాటగా మారుతాయి. నువ్వు, మీరు అనే భేదం పూర్తిగా పోతుంది. అప్పటివరకు ‘మీరు’ అన్న మనిషి కోపం వచ్చి ‘నువ్వు’ అన్నాడని లండనులో ఉన్న ప్రేక్షకుడికి ఆ వాక్యం చెప్పలేదు. అయినా ఆ ప్రేక్షకుడికి ఏదో జరిగిందని తెలుస్తుంది. ఎదుటి నటుడి ముఖం మారింది గనుక. ఊరి మాట నటుడి ముఖంలోకి, చేతులలోకి ప్రవహించి, అక్షరాలు మోయలేని అర్థాన్ని మోసుకుపోతుంది. ఎలాగూ అనువాదంలో పోయేదేగదా అని రచయిత ముందుగానే ఆ భేదాలను తీసివేస్తే నటుడి ముఖం కూడ మూగపోతుంది. అప్పుడు లండనువానికీ ఏమీ అందదు, ఊరివానికీ ఏమీ అందదు.

అందుచేత ఒక చిత్రం నిజాయితీకి మొదటి పరీక్ష విదేశీ ఉత్సవంలో జరగదు. ఆ ఊరివాళ్ళ ఎదుట జరుగుతుంది. ‘ఒక ఊరి కథ’కు పురస్కారాలు వచ్చినా తెలుగునాట సామాన్య ప్రేక్షకులకు అది అంతగా చేరలేదు. 1980లో విడుదలైన ‘మా భూమి’ మాత్రం హైదరాబాదులో ఉదయపు ఆటలుగా నెలల తరబడి ఆడింది. ఎవరి బ్రతుకు తెరకెక్కిందో వాళ్ళే టిక్కెట్టు కొని వచ్చి చూచారు. ఏ బహుమతికీ తీసిపోని గౌరవమది.

ఇటీవలి చిత్రాలూ ఈ మాటనే బలపరుస్తున్నాయి. 2015లో రామ్ రెడ్డి తీసిన కన్నడ చిత్రం ‘తిథి’ మండ్య ప్రాంతపు పల్లెలో, అక్కడి యాసలో, నటనకు కొత్తవారైన పల్లెవాసులతో తయారైంది. రచనలో పాలుపంచుకున్న ఈరేగౌడకు ఆ పల్లె సొంత ఊరివంటిది. ‘సంస్కార’ గౌరవం పొందిన లొకార్నోలోనే ఆ చిత్రానికీ బహుమతి వచ్చింది. 43 ఏండ్ల వ్యవధిలో రెండు కన్నడ పల్లెలు, రెండు చావులు, రెండు అంత్యక్రియలు ఒకే విదేశీ పట్టణంలో మన్నన పొందాయి! మరుసటి ఏట కర్ణాటక థియేటర్లలోను ‘తిథి’ని జనం ఆదరించారు. 2018లో వెంకటేశ్ మహా తీసిన ‘కేరాఫ్ కంచరపాలెం’లో విశాఖపట్నంలోని ఆ పేటవాసులే పదుల సంఖ్యలో నటించారు. ఆ చిత్రం న్యూయార్కు ఉత్సవానికీ వెళ్ళింది, తెలుగునాట థియేటర్లలోను నిలిచింది. 2024లో కాన్ ఉత్సవంలో గ్రాండ్ ప్రి పొందిన పాయల్ కపాడియా చిత్రం ‘ఆల్ వుయ్ ఇమాజిన్ యాజ్ లైట్’ విదేశీ నిధుల తోడ్పాటుతో తయారైనదే. అయినా ముంబయిలోని మలయాళీ నర్సులు తమ మలయాళంలోనే మాట్లాడుకున్నారు. భారతదేశంలో దానిని విడుదల చేసినది దగ్గుబాటి రానాగారి సంస్థ. డబ్బు ఎక్కడినుండి వచ్చినదన్నదానికంటె, ఆ డబ్బుకోసం మాట మార్చుకున్నారా అన్నదే ప్రధానం.

మాటే లేకుండా తీస్తే ఎల్లలు దాటడం సులభంగదా అని ఎవరైనా అడగవచ్చు. ఆ ప్రయోగం కూడ సింగీతంవారే చేశారు. 1987లో వచ్చిన ‘పుష్పక విమాన’లో సంభాషణలు లేవు. కాని అది నిశ్శబ్ద చిత్రం కాదు. ఇరుకు వాటాలలో కాపురముండేవారి సందడి, వీథిలోని రొద, నిరుద్యోగి నిట్టూర్పు అన్నీ వినిపిస్తాయి. బెంగుళూరు నగరాన్ని ఎరిగినవాడు మాటలు తీసివేసినా నగరాన్ని తీసివేయలేదు. అక్కడ మౌనం కళాకారుడు కోరి ఎంచుకున్నది. కోరుకున్న మౌనం వేరు, సిగ్గుతో నోరు మూసుకోవడం వేరు. ఈ భేదం హోసూరు పిల్లలకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ సీమలో తెలుగు, తమిళం, కన్నడం ఒకే సంతలో, ఒకే ఇంటి వాకిట వినబడుతాయి. ఇక్కడి తెలుగు కొన్ని పాత మాటలను పదిలంగా దాచుకున్నది. ఇరుగుపొరుగు భాషలనుండి కొన్నింటిని తనలో కలుపుకున్నది. ఈ మాట పట్టుకొని విజయవాడకో హైదరాబాదుకో వెళ్ళిన విద్యార్థిని అక్కడివారు తమిళుడా అని అడుగుతారు. ఇక్కడ చదువు తీరు వేరు. 2006లో తమిళాన్ని తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చిన తరువాత మాతృభాషలో చదువుకునే హక్కుకోసం ఈ ప్రాంతంవారు పడిన శ్రమ సభలోని పెద్దలకు తెలియనిది కాదు. తమిళం నేర్వడం నష్టం కాదు, అదొక సంపద. కాని ఒక సంపద చేరినప్పుడు ఇంట్లో ఉన్నది పారవేయనక్కరలేదు.

ఈ మాటకు సాహిత్యంలో చోటు సంపాదించే పని ఇప్పటికే మొదలైంది. హోసూరు, కృష్ణగిరి ప్రాంతపు కథకులు మొరసునాటి తెలుగులోనే కథలు వ్రాసి సంపుటాలుగా ప్రచురించారు. వెనుక రాజాజీ కథ వ్రాసిపెట్టారు గనుకనే సింగీతం తొరపల్లికి వచ్చారు. కథ లేని ఊరికి కెమెరా రాదు. వచ్చినా చెట్లను, కొండను తీసుకొని పోతుంది. చంద్రచూడేశ్వరుని కొండ ఎన్ని పాటలలోనైనా కనిపించవచ్చు. ఆ కొండక్రింద మసలే మనుషులు మాట్లాడితేనే అది హోసూరు అవుతుంది.

కథలకు ఇక్కడ కొదవ లేదు. రాగిచేలు అమ్ముకొని ఆ చేలలోనే లేచిన కర్మాగారంలో కాపలా కాస్తున్న రైతు ఉన్నాడు. విదేశాలలో ప్రేమికుల దినంనాడు ఎవరి చేతికో అందే గులాబీని తెల్లవారుజామున కోసి కట్టలు కట్టే అమ్మాయి ఉన్నది. బడిలో ఒక భాష, పనిలో ఒక భాష, ఇంట్లో ఒక భాషగా దినమంతా మూడు నాలుకలతో బ్రతికే కుటుంబాలున్నాయి. త్రాగుడు తెచ్చే చేటు కూడ 1974తో ముగిసిపోలేదు. ఈ కథలను ఇక్కడి మాటలోనే చెబితే లోకానికి అర్థం కాకపోదు. ఇక్కడి గులాబీకి అనువాదం అవసరం లేనట్లే.

నెట్‌ఫ్లిక్స్‌లో 2021లో వచ్చిన ప్రవీణ్ కండ్రేగుల చిత్రం ‘సినిమా బండి’లో సరిహద్దు పల్లెలోని ఆటో డ్రైవరుకు తన బండిలో ఎవరో మరచిపోయిన ఖరీదైన కెమెరా దొరుకుతుంది. దానితో ఊరివాళ్ళు తమ సినిమా తామే తీయబూనుతారు. నేడు చేతిలోని ఫోనే కెమెరా. కరువైనది యంత్రం కాదు, తమ మాట తెరకు తగినదనే నమ్మకం. ఆ నమ్మకాన్ని ఇవ్వగలిగినవి రెండే చోట్లు: ఇల్లు, బడి. పిల్లవాడు అవ్వ మాటతో తరగతిలో ఒక సంగతి చెప్పినప్పుడు, అది తప్పని కొట్టివేయకుండా, గ్రంథభాషలో దీనిని ఇలా వ్రాస్తారు, ఇంటిలో ఇలా అంటారు, రెండూ నీవే అని చెప్పిన ఉపాధ్యాయుడు రేపటి రచయితను, దర్శకుణ్ణి, నటిని తయారుచేసినవాడవుతాడు. 75 ఏండ్లుగా ఈ పాఠశాల తెలుగు అక్షరాన్ని కాపాడింది. ఇకమీదట ఆ అక్షరంతో ఈ నేల మాటను వ్రాయించవలసిన బాధ్యత కూడ దానిదే.

విద్యార్థులారా! ఈ వేసవి సెలవులలో ఒక పని చేయండి. ఇంట్లోని అవ్వనో తాతనో కూర్చుండబెట్టి, వారు చూచిన ఒక్క సంఘటనను వారి మాటలోనే, ఒక్క పదమైనా దిద్దకుండా వ్రాసుకోండి. తరువాత దానిని వారికే చదివి వినిపించండి. ‘ఔను, ఇది మా ఊరే’ అని వారన్నారంటే, ఆ కథ ఎంత దూరమైనా పోగలదు.

శతజయంతి నాటికి ఈ పాఠశాల గోడమీద తెర కట్టి, ఇక్కడ చదివినవారు తీసిన చిత్రాన్ని ఈ ఊరివారికే మొదట చూపే శుభదినం రావాలి.